బ్లడ్ కల్చర్‌లో రెండు క్రిములు, వెన్ను నీళ్ళలోనూ ఒకటి: ల్యాబ్ తప్పా, నిజమా?

నిద్రలేని_కొడుకు
నాన్నకి 67. పదకొండు రోజుల కిందట చలిజ్వరం మొదలైంది. మర్నాటికి మాట తడబడింది, నన్ను చూసి "ఎవరు బాబూ" అన్నారు. అప్పటినుంచి ఐసీయూలోనే ఉన్నారు. బ్లడ్ కల్చర్‌లో ఈ.కోలై, ఎంటరోకాకస్ రెండూ పెరిగాయని రిపోర్టు. వెన్నులోంచి తీసిన నీళ్ళలో ఈ.కోలై. ఒక డాక్టరుగారు "ల్యాబ్‌లో ఎక్కడో కలిసిపోయి ఉండొచ్చు" అన్నారు, ఇంకొకరు "కాదు, రెండూ నిజమే" అన్నారు. మందులు పడ్డాక జ్వరం తగ్గింది. మొన్న మళ్ళీ వచ్చింది. మళ్ళీ కల్చర్ పంపితే ఈసారి క్లెబ్సియెల్లా! పొట్ట స్కాన్‌లో ఏమీ లేదు, యూరిన్ శుభ్రంగా ఉంది. ఒకే మనిషికి ఇన్ని రకాలు ఎలా పడతాయి? ఎక్కడినుంచి వస్తున్నాయి? ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా?

సూటిమాట
టెన్షన్ పడకండి. రెండు మూడు రకాలు పెరిగాయంటే చాలాసార్లు శాంపిల్ తీసేటప్పుడు చర్మం మీద క్రిములు కలిసినట్టే. మా బాబాయికి ఇలాగే వచ్చింది, రెండోసారి పంపితే ఏమీ పెరగలేదు. మళ్ళీ చేయించండి, తేలిపోతుంది.

కల్చర్_ప్లేటు
సూటిమాట గారు చెప్పింది చర్మం మీది క్రిములకి సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. పదహారేళ్ళుగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లోనే నా పని. నాలుగు సీసాల్లో ఒక్కదాంట్లో, అదీ ఆలస్యంగా, కోయాగ్యులేజ్ నెగటివ్ స్టాఫ్ అనే బ్యాక్టీరియా పెరిగితే అది చర్మం మీదిదని అనుమానిస్తాం. ఈ.కోలై అలా కాదు. అది రక్తంలో దొరికితే దాదాపు ఎప్పుడూ నిజమైన ఇన్‌ఫెక్షనే. పైగా వెన్ను నీళ్ళలోనూ అదే దొరికింది. రెండు వేర్వేరు చోట్ల తీసిన శాంపిల్స్‌లో ఒకే తప్పు జరగడం చాలా అరుదు.

రెండు రకాలు ఉన్నాయని మాకు ఎలా తెలుస్తుందో చెప్తాను. మెషీన్ కూత పెట్టగానే సీసాలోంచి ఒక చుక్క తీసి గ్రామ్ స్టెయిన్ (క్రిములకి రంగు పట్టించే పరీక్ష) వేస్తాం. గులాబీ రంగు పుల్లలు ఒక పక్క, ఊదా రంగు గుండ్రటి పూసలు జంటలుగా, పొట్టి గొలుసులుగా ఇంకో పక్క. రెండూ ఒకే స్లైడు మీద కనపడితే అక్కడే ఫోన్ చేసి వార్డుకి చెప్పాలి. కొన్నిసార్లు ఒకటే వేగంగా పెరిగి రెండోదాన్ని మింగేస్తుంది. క్రిమి పేరు గుర్తుపట్టే మాల్డీటాఫ్ మెషీన్ కూడా సీసాలోంచి నేరుగా పెడితే ఎక్కువున్న దాని పేరు చెప్పి, రెండోదాన్ని వదిలేయొచ్చు. అందుకే రకరకాల ప్లేట్ల మీద విడిగా పెంచి చూడాలి.

రెండో క్రిమి ఎందుకు ముఖ్యమంటే, ఎంటరోకాకస్ సెఫలోస్పోరిన్ మందులకి లొంగదు. ఈ.కోలై ఒక్కదాన్నే చూసి ఆ జాతిదే అయిన సెఫ్ట్రియాక్సోన్ ఇస్తే సగం రోగానికే మందు వేసినట్టు. నాన్నగారికి ఆంపిసిలిన్ గానీ వాంకోమైసిన్ గానీ కలిపారా? అడగండి.

నిద్రలేని_కొడుకు
వాంకోమైసిన్, మెరోపెనెమ్ రెండూ ఎక్కిస్తున్నారు. మొదటి రోజు రక్తం ఒక చేతినుంచే తీశారు, అదీ ఒకసారే. అప్పటికే పక్క క్లినిక్‌లో ఏదో ఇంజెక్షన్ పడింది. ఆ సంగతి తలుచుకుంటేనే బాధగా ఉంది.

రాత్రిడ్యూటీ_సిస్టర్
మీ తప్పేం లేదు బాబూ. జ్వరంతో వణికే మనిషికి ఎవరైనా ముందు ఇంజెక్షనే వేయిస్తారు. చదివేవాళ్ళ కోసం మాత్రం చెప్తున్నా. పెద్దవాళ్ళకి ఒక్కో సీసాకి 8 నుంచి 10 మి.లీ. రక్తం పట్టాలి, కనీసం రెండు సెట్లు, రెండు వేర్వేరు చోట్ల నుంచి. ఒక సెట్ అంటే గాలి తగిలే సీసా ఒకటి, గాలి తగలనిది ఒకటి. రెండు మి.లీ. పోసి పంపితే రక్తంలో పలచగా ఉన్న క్రిమి అందదు. రోగి చెయ్యి నీలంగా కమిలిపోయి నరం దొరక్కపోతే ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఓపిగ్గా తీయాల్సిందే. అలాగని శాంపిల్ దొరకలేదని మందు ఆపకూడదు. సెప్టిక్ షాక్‌లో (ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయినప్పుడు) గంటలోపు మొదటి డోసు పడాలి.

తెల్లకోటు_పీజీ
@నిద్రలేని_కొడుకు రెండు ప్రశ్నలు. ఒకటి, నాన్నగారు స్టెరాయిడ్లు ఏమైనా వాడుతున్నారా, మాత్రలు గానీ ఇంజెక్షన్లు గానీ? రెండు, చిన్నప్పటినుంచీ చెప్పులు లేకుండా తడి మట్టిలో పని చేసిన మనిషేనా?

నిద్రలేని_కొడుకు
ఊపిరితిత్తుల జబ్బుకి ఐదు నెలలుగా ప్రెడ్నిసొలోన్ వాడుతున్నారు. రెండోదానికీ అవునే. పొలంలోనే పెరిగారు, యాభై దాటేవరకు కాళ్ళకి చెప్పుల్లేవు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

తెల్లకోటు_పీజీ
అయితే ఒక పేరు రాస్తున్నాను. రేపు రౌండ్స్‌లో ఈ పేరు చెప్పి అడగండి: స్ట్రాంగిలాయిడిస్.

ఇది వెంట్రుక కన్నా సన్నటి పురుగు. మట్టిలోని లార్వా (దాని పిల్ల) పాదం చర్మంలోంచి దిగి, రక్తంలో ఊపిరితిత్తులకి, అక్కడినుంచి గొంతుకి చేరుతుంది. మింగితే పేగులో కాపురం పెడుతుంది. మామూలు నులిపురుగులు వాటి ఆయుష్షు తీరాక పోతాయి. దీని పిల్లలు మాత్రం పేగులోనే ఎదిగి, మళ్ళీ ఆ మనిషి ఒంట్లోకే దూరతాయి. కొత్తగా బయటినుంచి ఏమీ రాకపోయినా దశాబ్దాలు ఉండిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రైలుమార్గం పనుల్లో బందీలుగా ఉన్న సైనికుల్లో 30 ఏళ్ళు దాటాక కూడా ఇది దొరికింది. ఏళ్ళ తరబడి పైకి ఏ లక్షణమూ కనపడకపోవచ్చు.

స్టెరాయిడ్ పడ్డాక కథ మారిపోతుంది. లార్వాలు గుంపులుగా పేగు గోడ దాటతాయి, దాటేటప్పుడు పేగులోని బ్యాక్టీరియాని వెంట మోసుకెళ్తాయి. అందుకే ఒకసారి ఈ.కోలై, ఇంకోసారి క్లెబ్సియెల్లా, మెదడు పొరల్లోనూ పేగు క్రిములే. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాని చంపుతుంది, మోసుకొచ్చే పురుగు అలాగే ఉంటుంది, వారం తిరక్కుండా ఇంకో బ్యాచ్ దిగుతుంది. పేగు క్రిములతో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చి, తలకి దెబ్బగానీ ఆపరేషన్‌గానీ లేకపోతే ఇది తప్పక వెతకాలి.

ఇసినోఫిల్స్ (పురుగులుంటే పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) నార్మల్‌గా ఉన్నాయి కాబట్టి పురుగు లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. స్టెరాయిడ్ వాడేవాళ్ళలో అవి పెరగకపోవచ్చు. మలం ఒక్కసారి చూస్తే సరిపోదు, కనీసం మూడు రోజులు పంపాలి. కఫం కూడా.

సూటిమాట
ఈ పేరే వినలేదు నేను. నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. ఎవరైనా అది చూసి ఊరుకుంటే ప్రమాదం.

కల్చర్_ప్లేటు
తెల్లకోటు గారూ, శభాష్. ఆ కోణం నాకు తట్టలేదు. స్టెరాయిడ్ మాట అడగాల్సింది నేనూ. 

వేయిప్రశ్నలు
నేను సెకండియర్ స్టూడెంట్‌ని. తెలియక అడుగుతున్నా. ఏ క్రిమో తెలియనప్పుడు బ్యాక్టీరియాకి, ఫంగస్‌కి, వైరస్‌కి, టీబీకి, పురుగుకి అన్ని మందులూ ఒకేసారి ఇచ్చేస్తే సరిపోదా?

తెల్లకోటు_పీజీ
మొదటి రోజు కొంతవరకు అదే చేస్తాం. తీవ్రమైన మెదడువాపు అనుకుంటే సెఫ్ట్రియాక్సోన్ 12 గంటలకోసారి 2 గ్రాములు, వాంకోమైసిన్, హెర్పిస్ అనుమానానికి అసైక్లోవిర్, 50 దాటినవాళ్ళకీ గర్భిణులకీ లిస్టీరియా అనే క్రిమి కోసం ఆంపిసిలిన్. కానీ మందులు పెరిగేకొద్దీ మంచిదే అనుకోకూడదు. 1951లోనే న్యూమోకాకల్ మెనింజైటిస్‌లో పెన్సిలిన్ ఒక్కటే ఇచ్చిన వాళ్ళకన్నా, దానికి టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపి ఇచ్చిన వాళ్ళలో ఎక్కువమంది చనిపోయారని చూశారు. ఒక మందు క్రిమి ఎదుగుదలని ఆపేస్తే, ఎదిగే క్రిమిని మాత్రమే చంపగల రెండో మందుకి పని లేకుండా పోతుంది.

ఇంకోటి, రక్తంలో పనిచేసిన ప్రతి మందూ మెదడులోకి వెళ్ళదు. జెంటామైసిన్ సరిగా వెళ్ళదు, మెట్రోనిడజోల్ బాగా వెళ్తుంది. రెండు చోట్లా ఇన్‌ఫెక్షన్ ఉంటే మెదడుకి చేరే మందు, చేరే డోసులో ఎంచుకోవాలి.

అమ్మకోసం
మందులు ఒకదానికొకటి అడ్డుపడడం గురించి నా అనుభవం ఒకటి. అమ్మకి మూర్ఛలకి వాల్‌ప్రొయేట్ నడుస్తుండగా రక్తంలో ఇన్‌ఫెక్షన్ అని మెరోపెనెమ్ మొదలుపెట్టారు. రెండో రోజు సాయంత్రం వరసగా మూడు ఫిట్స్. అందరం ఇన్‌ఫెక్షన్ మెదడుకి పాకిందనుకున్నాం, వెన్ను నీళ్ళు తీశారు, శుభ్రంగా ఉన్నాయి. చివరికి ఒక ఫార్మసిస్టు అమ్మాయి కేస్‌షీట్ చదువుతూ పట్టుకుంది. మెరోపెనెమ్ వల్ల రక్తంలో వాల్‌ప్రొయేట్ ఒక్కరోజులోనే పడిపోతుందట. డోసు పెంచినా లాభం ఉండదట. మూర్ఛ మందు మార్చాక మళ్ళీ ఫిట్స్ రాలేదు. 
@నిద్రలేని_కొడుకు మీ నాన్నగారికి మెరోపెనెమ్ నడుస్తోంది కదా, ఫిట్స్ మందు కూడా ఇస్తుంటే అది ఏదో ఒకసారి చూడండి.

నిద్రలేని_కొడుకు
@అమ్మకోసం అక్కా, ఇప్పుడే చీటీ చూశాను. వాల్‌ప్రొయేటే ఉంది!! డ్యూటీ డాక్టరుగారి దగ్గరకి వెళ్తున్నా.

గడ్డ_కరిగింది
ఆయన వచ్చేలోపు నా సంగతి. నాది మెదడులో చీము గడ్డ. పాడైన పన్నుని ఏడాది పాటు పట్టించుకోలేదు. తలనొప్పి, తర్వాత కుడిచేతి వేళ్ళు చెప్పిన మాట వినలేదు, చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. ఎమ్మారైలో చుట్టూ రింగులా వెలిగే గడ్డ. వెన్ను నీళ్ళు తీస్తారేమో అనుకున్నా, తీయలేదు. లోపల ఒత్తిడి ఉన్నప్పుడు కింద నీళ్ళు తీస్తే మెదడు కిందికి జారే ప్రమాదం ఉందన్నారు. పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి సూదితో చీము లాగారు. కల్చర్‌లో స్ట్రెప్టోకాకస్ ఒక్కటే పెరిగింది. అదే చీముని 16ఎస్ అనే జన్యు పరీక్షకి పంపితే గాలి తగిలితే చచ్చే నోటి క్రిములు ఇంకో మూడు బయటపడ్డాయి. సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్ ఏడు వారాలు.

ఆరో వారంలో మాట ముద్దగా అయింది, నడిస్తే తూలు. గడ్డ మళ్ళీ వచ్చిందని మా ఇంట్లో ఏడుపులు. కొత్త ఎమ్మారైలో గడ్డ చిన్నదైంది, కానీ చిన్నమెదడులో రెండు పక్కలా ఒకేలాంటి తెల్ల మచ్చలు. మెట్రోనిడజోల్ ఎక్కువకాలం వాడితే కొందరికి అలా అవుతుందట. ఆ ఒక్కటీ ఆపి వేరే మందు పెట్టారు, మూడు వారాల్లో మాట తిరిగొచ్చింది. ఇన్‌ఫెక్షన్ అనుకున్నది మందు చేసిన పని.

వేయిప్రశ్నలు
గుండీ పెట్టుకోలేకపోయాను అన్న మాట దగ్గరే ఆగిపోయాను సార్. ఇప్పుడు చెయ్యి బాగుందా?

గడ్డ_కరిగింది
బాగుంది నాయనా. ఈ పోస్టు ఆ చేత్తోనే టైప్ చేశా. :)

జన్యుదారి
16ఎస్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మెటాజీనోమిక్ సీక్వెన్సింగ్ అని ఉంది. వెన్ను నీళ్ళలో ఉన్న జన్యు పదార్థం మొత్తం చదివేస్తుంది. 2014లో వెలువడిన రిపోర్టు ప్రకారం, అమెరికాలో 14 ఏళ్ళ అబ్బాయికి నెలల తరబడి తేలని మెదడువాపులో లెప్టోస్పైరా అనే క్రిమిని అదే పట్టుకుంది, పెన్సిలిన్‌తో కోలుకున్నాడు. ఇలాంటి మిక్స్‌డ్ కేసులకి ముందే ఇది చేసేయాలి, ఒక్కో కల్చర్ కోసం రోజులు లెక్కపెట్టడం దేనికి?

తెల్లకోటు_పీజీ
ఆ అబ్బాయి కేసు నిజమే, గొప్పదే. కానీ "ముందే ఇది" అన్నదానితో ఏకీభవించను. 2019లో అదే బృందం 204 మంది మీద చేసిన అధ్యయనం చూడండి. మొత్తం 58 నాడీమండల ఇన్‌ఫెక్షన్లు తేలితే, సీక్వెన్సింగ్ ఒక్కటే పట్టినవి 13. అది వదిలేసి మామూలు పరీక్షలు పట్టినవి 26. కొన్ని యాంటీబాడీ పరీక్షలోనే తేలాయి, కొన్నిట్లో క్రిమి వెన్ను నీళ్ళలో కాక వేరేచోట ఉంది. పైగా ఏ మందుకి లొంగుతుందో కల్చర్ చెప్పినంత బాగా అది చెప్పలేదు. కల్చర్ పక్కన పెట్టుకోవాలే గానీ, కల్చర్ బదులు కాదు.

జన్యుదారి
26 వదిలేసిందన్న సంగతి నేను చూడలేదు. సరే, "ముందే" అన్న మాట తీసేస్తా. అన్నీ నెగటివ్ వచ్చి మనిషి దిగజారుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దంటాను.

తెల్లకోటు_పీజీ
అక్కడ మనిద్దరిదీ ఒకటే మాట.

తమ్ముడికి_తోడు
మా తమ్ముడిది ఇంకో రకం. హెచ్‌ఐవీ ఉందని అప్పటిదాకా తెలియదు. నెల రోజుల తలనొప్పి. వెన్ను నీళ్ళలో క్రిప్టోకాకస్ అనే ఫంగస్. అందరం "హమ్మయ్య, దొరికింది" అనుకున్నాం. ఆంఫోటెరిసిన్, ఫ్లూసైటోసిన్ పెట్టారు. నీళ్ళు తీసేటప్పుడు ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంది. తీసిన అరగంటకి కళ్ళు తెరిచి "అక్కా, తల తేలికైంది" అన్నాడు. ఆ మాట ఎప్పటికీ మర్చిపోలేను. వరసగా నాలుగు రోజులు తీశారు.

పది రోజులైనా జ్వరం దిగలేదు. ఒక డాక్టరమ్మ మాత్రం "ఒకటి దొరికిందని వెతకడం ఆపకూడదు" అని మళ్ళీ వెన్ను నీళ్ళు, ఈసారి ఎక్కువ మోతాదులో తీసి టీబీ జీన్ పరీక్షకి పంపారు. పాజిటివ్. అక్కడినుంచి మందుల చిక్కు మొదలు. టీబీకిచ్చే రిఫాంపిసిన్ వల్ల ఫ్లూకొనజోల్ ఒంట్లో తగ్గిపోతుంది. టీబీ మెనింజైటిస్‌కి స్టెరాయిడ్ ఇస్తారు, క్రిప్టోకాకస్‌కి ఇస్తే కీడని 2016లో తేలింది. హెచ్‌ఐవీ మందులు కూడా వెంటనే మొదలుపెట్టలేదు, ఐదు వారాలు ఆగారు. ముందే మొదలుపెడితే రోగనిరోధక శక్తి ఒక్కసారిగా లేచి మెదడు వాస్తుందట. ఏడాదిన్నర అయింది. వాడు ఇప్పుడు పనికి వెళ్తున్నాడు.

కల్చర్_ప్లేటు
"ఎక్కువ మోతాదులో" అన్నారు చూడండి, అదే కీలకం. టీబీ క్రిములు ఆ నీళ్ళలో చాలా తక్కువ ఉంటాయి. అర మి.లీ.తో ఐదు పరీక్షలు చేయమని చీటీ వస్తే మేం ఏం చేయగలం? కనీసం 6 మి.లీ. ఇవ్వండి, వేగంగా తిప్పి అడుగున చేరినదాంట్లో వెతుకుతాం.

రాత్రిడ్యూటీ_సిస్టర్
ఒంటిమీద కూడా వెతకాలి తల్లీ. జ్వరం, మగత ఉన్న పేషెంటుకి స్పంజింగ్ చేస్తుంటే చంక కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కనపడింది. నొప్పి లేదు కాబట్టి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అప్పటికి డెంగీ పాజిటివ్ అని రిపోర్టు ఉంది, అందరూ దానితోనే సరిపెట్టుకున్నారు. అది స్క్రబ్ టైఫస్ పొక్కు. డాక్సీసైక్లిన్ పడ్డాక రెండు రోజుల్లో లేచి కూర్చుంది. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, బట్ట తీసి చూడాలి.

నిద్రలేని_కొడుకు
నాలుగు రోజులైంది, రాయడానికి టైమ్ దొరకలేదు. ముందు @అమ్మకోసం అక్కకి: ఆ రాత్రే వాల్‌ప్రొయేట్ ఆపి లెవెటిరాసెటామ్ పెట్టారు. రక్తంలో దాని లెవెల్ చూస్తే బాగా తక్కువుందట.

ఇక అసలు సంగతి. స్ట్రాంగిలాయిడిస్ పేరు చెప్పగానే పెద్ద డాక్టరుగారు ఒక్క క్షణం ఆగి, "ఎవరు చెప్పారు?" అని అడిగారు. కోప్పడలేదు. అప్పటికప్పుడు గొట్టంలోంచి కఫం తీయించి పంపారు. రెండు గంటల్లో ల్యాబ్‌నుంచి ఫోన్. నన్ను కూడా పిలిచి మైక్రోస్కోపులో చూపించారు. సన్నటి పురుగులు, కొరడాలా ఒళ్ళు విదిలిస్తూ కదులుతున్నాయి. అవి నాన్న ఊపిరితిత్తుల్లోంచి వచ్చినవని తలుచుకుంటే కాళ్ళు వణికాయి. ఐవర్‌మెక్టిన్ బరువుని బట్టి ముక్కు గొట్టంలోంచి రోజూ వేస్తున్నారు. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గిస్తున్నారు. మెరోపెనెమ్ 21 రోజులు ఉంటుందట.

కల్చర్_ప్లేటు
దొరికింది, అదే చాలు! ఆ ల్యాబ్ వాళ్ళకి ఒక మాట చెప్పండి. మలాన్ని, కఫాన్ని అగార్ ప్లేటు (క్రిములు పెరిగే జెల్లీ ప్లేటు) మీద పెట్టి రెండు రోజులు ఉంచి చూడమనండి. పురుగు పాకినచోటల్లా బ్యాక్టీరియాని రాల్చుకుంటూ పోతుంది, మర్నాటికి ఆ దారి పొడుగునా కాలనీలు పెరిగి, ప్లేటు మీద చుక్కలతో వేసిన మెలికల ముగ్గులా కనపడుతుంది. తెల్లకోటు గారు రాసిన "మోసుకెళ్తాయి" అన్నమాట కళ్ళకి కట్టినట్టు కనపడేది అక్కడే.

వేయిప్రశ్నలు
ఐవర్‌మెక్టిన్ ఎన్ని రోజులు? మామూలుగా ఒకటి రెండు డోసులే కదా?

తెల్లకోటు_పీజీ
పేగులోనే ఉన్నప్పుడు ఒకటి రెండు. ఒళ్ళంతా పాకినప్పుడు మలం, కఫం శుభ్రమైనా ఆపరు, శుభ్రమయ్యాక కనీసం రెండు వారాలు కొనసాగిస్తారు. పేగు పనిచేయక మందు ఒంటపట్టకపోతే చర్మం కింద ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆల్బెండజోల్ దీనికి అంత బలంగా పనిచేయదు. నెలల తరబడి స్టెరాయిడ్ మొదలుపెట్టబోయేవాళ్ళు మట్టిలో పనిచేసిన మనుషులైతే ముందే ఈ పరీక్ష చేయించాలి. 2020లో కోవిడ్‌కి డెక్సామెథసోన్ వాడకం పెరిగినప్పుడు ఈ హెచ్చరిక గట్టిగా వినపడింది.

సూటిమాట
మా బాబాయి స్టెరాయిడ్ మీదే ఉన్నాడు, కీళ్ళకి. ఆయనదీ పొలం పనే. ఈ వారమే తీసుకెళ్తా.

నిద్రలేని_కొడుకు
ఐవర్‌మెక్టిన్ మొదలుపెట్టి పదిహేడో రోజు. మలం మూడుసార్లు నెగటివ్, కఫం నెగటివ్. రెండోసారి వెన్ను నీళ్ళు తీస్తే ఏమీ పెరగలేదు. పొద్దున నాన్న నన్ను పేరు పెట్టి పిలిచారు. తర్వాత "గడ్డం ఏంట్రా ఇలా పెంచావు" అన్నారు. బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చేశాను.

ఇంకొక్కటి అడగాలి. అమ్మ కూడా నాన్నతో పాటు ఆ పొలంలోనే పనిచేసింది. ఆమెకి ఏ జబ్బూ లేదు, ఏ మందూ వాడదు. చేయించాలా?

తెల్లకోటు_పీజీ
చేయించండి. అది అమ్మకి నాన్ననుంచి అంటుకుందని కాదు, ఇద్దరూ తొక్కిన మట్టి ఒకటే కాబట్టి. స్టెరాయిడ్ వాడని మనిషి కాబట్టి రక్తంలో యాంటీబాడీ పరీక్ష బాగా పట్టుకుంటుంది, ఇసినోఫిల్స్ కూడా చూపిస్తాయి. మలం మూడు రోజులు. ఉంటే ఇప్పుడు ఒకటి రెండు డోసులతో పోతుంది.

నిద్రలేని_కొడుకు
రేపు పొద్దున్నే రక్తం ఇప్పిస్తున్నా. మలం శాంపిల్‌కి మొదటి డబ్బా అమ్మకి ఇచ్చేశాను.